28 పేజీలు పదమూడేండ్లు దాచిపెట్టినారు, మరి మన 26/11 ఫైళ్ళ సంగతేంది?

తుంగభద్ర_గట్టు
గ్రూప్-1 కి చదువుతున్నా, అంతర్గత భద్రత చాప్టర్‌లో ఒకచోట ఆగిపోయినా, ముందుకు పోబుద్ధి కావట్లేదు. 9/11 మీద అమెరికాలో రెండు సభల ఇంటెలిజెన్స్ కమిటీలు కలిసి విచారణ చేసి 2002 డిసెంబర్‌లో రిపోర్ట్ రాసినాయి, 800 పేజీల పైనే. అందులో హైజాకర్లకు బయటి దేశపోళ్ళు ఎవరు సాయం చేసినారు అనే ముక్క 28 పేజీలు. 2003లో జనానికి ఇచ్చిన కాపీలో సరిగ్గా ఆ ముక్కే లేపేసినారు. అది బయటికొచ్చింది 2016 జూలై 15న. 2,977 మంది చనిపోయిన కేసు ఇది! వాళ్ళ పెండ్లాం పిల్లలు కోర్టుల చుట్టూ తిరుగుతా ఉంటే ఆ కాగితాలు వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం కింద ఒక రూములో పెట్టి తాళం వేసినారు. ఎంపీలు పోయి చదువుకోవచ్చంట, నోట్సు మాత్రం రాసుకోకూడదంట.

అంత పెద్ద ప్రజాస్వామ్యం అని చెప్పుకునే దేశం ఎందుకు దాచింది అనేది ఒక డౌటు. మన 26/11లో 166 మంది పోయినారు కదా, ఆ ఫైళ్ళు మనం ఎప్పుడన్నా చూస్తామా అనేది ఇంకో డౌటు. తెలిసినోళ్ళు చెప్పండి. పరీక్ష కోసం అడగట్లేదు, నిజంగానే కడుపు మండుతోంది.

ఏడురోడ్ల_బాబు
పెట్రోలు కోసం. ఇంకేముంటాది.

గుత్తి_కోట
బాబు ఒక్క ముక్కలో తేల్చేసినాడు. 19 మంది హైజాకర్లలో 15 మంది సౌదీ వాళ్ళు. ఆ దేశంతో ఆయిలూ ఆయుధాలూ వ్యాపారం ఉంది కాబట్టి దాచినారు, దీంట్లో అర్థం కానిది ఏముందప్పా.

అనంత_వకీలు
అంత సులువుగా తేల్చేయొద్దు కోటా. బుష్ ప్రభుత్వం చెప్పిన కారణం వేరే. ఈ పేజీలు బయటపెడితే మాకు సమాచారం ఇచ్చేటోళ్ళు ఎవరు, మేం ఎట్లా పట్టుకుంటాం అనేది శత్రువుకు తెలిసిపోతాది అన్నారు. వినడానికి బాగుంటాది గానీ ఆ విచారణకు పెద్దగా కూర్చున్న సెనేటర్ బాబ్ గ్రాహమే ఒప్పుకోలేదు. ఆయన ఆ పేజీలన్నీ చదివినోడు, ఏం రాసినారో తెలిసినోడు. బయట పెట్టండి, దీంట్లో దేశ భద్రతకు వచ్చే నష్టం ఏమీ లేదు అని ఏండ్ల తరబడి అడుగుతానే ఉన్నాడు. 2024లో పోయినాడు పాపం.

ఇంక లోపల ఏముందో చెప్తా. మొదటి వాక్యంలోనే, కొందరు హైజాకర్లు అమెరికాలో ఉన్నప్పుడు సౌదీ ప్రభుత్వంతో సంబంధం ఉండే అవకాశమున్న మనుషుల నుంచి సాయం పొందినారు అని ఉంటాది. ఆ 'అవకాశమున్న' అనే మాట చూసుకోండి, మొత్తం గొడవ దాని మీదే. నవాఫ్ అల్ హజ్మీ, ఖాలిద్ అల్ మిద్హార్ అని ఇద్దరు 2000 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో దిగినారు. ఇంగ్లీషు సరిగ్గా రాదు, ఊరు తెలీదు. ఒమర్ అల్ బయూమీ అనే సౌదీ మనిషి వాళ్ళను ఒక భోజనం హోటల్లో కలిసినాడు. తర్వాత వాళ్ళు శాన్ డియెగో పోతే ఇల్లు చూపించినాడు, అద్దె అగ్రిమెంటులో తాను కూడా సంతకం పెట్టినాడు, బ్యాంకు అకౌంటు తెరవడానికి తోడు పోయినాడు. ఏదో అనుకోకుండా కలిసినాం, మా దేశపోళ్ళని సాయం చేసినా అంటాడు ఆయన. నమ్మాల్నా వద్దా అనేది ఇప్పటికీ కోర్టులో నలుగుతా ఉంది.

గుత్తి_కోట
హోటల్లో అనుకోకుండా కలిసినోడి అద్దె అగ్రిమెంటులో ఎవడన్నా సంతకం పెడతాడా సార్? మా అనంతపురంలో సొంత బామ్మర్దికే పెట్టరు.

ఏడురోడ్ల_బాబు
బామ్మర్దికి అసలే పెట్టరు 😂

రాయచోటి_టు_దమ్మాం
నేను దమ్మాంలో డ్రైవరుగా ఉన్నా. మా రాయచోటి పక్క ఇంటికొకరు కువైట్‌లోనో సౌదీలోనో ఉంటారు, ఆ డబ్బుతోనే ఇండ్లు కట్టుకున్నాం, చెల్లెండ్ల పెండ్లిండ్లు చేసినాం. ఈ టాపిక్ వస్తే చాలు సౌదీ వాళ్ళు సౌదీ వాళ్ళు అని దేశం మొత్తాన్ని ఒకే గాటన కట్టేస్తారు, అది చదివితే నాకు బాధేస్తాది. మా కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, ముసలాయన, నాకు జ్వరం వస్తే ఆయనే కారులో ఆస్పత్రికి తీసుకపోయినాడు. ఆయనకూ ఆ 15 మందికీ ఏం సంబంధం?

ఇంకోటి ఎవరూ చెప్పరు. 2003లోనే సౌదీ ప్రభుత్వం ఆ 28 పేజీలు బయట పెట్టండి అని అడిగింది. ఖాళీ పేజీలకు మేం ఏమని జవాబు చెప్పాల అన్నారు. వద్దన్నది బుష్ ప్రభుత్వం. 2004లో 9/11 కమిషన్ కూడా సౌదీ ప్రభుత్వం ఒక సంస్థగా గానీ, దాని పెద్ద అధికారులు గానీ అల్ ఖైదాకు డబ్బులిచ్చినట్టు ఆధారం దొరకలేదు అనే రాసింది. మన 26/11 కేసులో అబూ జుందాల్ ఉన్నాడు చూడండి, కరాచీ కంట్రోల్ రూములో కూర్చుని ఫోనులో దాడి చేసేటోళ్ళకు చెప్పినోళ్ళలో ఒకడు, వాన్ని 2012 జూన్‌లో మనకు పట్టి పంపించింది ఈ సౌదీనే. అది కూడా లెక్కలో రాసుకోండి.

పెన్నా_పిల్ల
దమ్మాం అన్న చెప్పింది సబబుగానే ఉంది. ప్రభుత్వం వేరు, జనం వేరు. ఈ చర్చలో 'సౌదీ వాళ్ళు' అని కాకుండా ఫలానా ఆఫీసు, ఫలానా మనిషి అని రాద్దాం.

గుత్తి_కోట
రాద్దాం, నాకేం అభ్యంతరం లేదు. ఫలానా మనిషి అనే చెప్తా ఇప్పుడు. ఫహద్ అల్ థుమైరీ. లాస్ ఏంజెలెస్‌లో మసీదులో ఇమాము, అదే టైములో సౌదీ కాన్సులేట్‌లో అధికారి కూడా. ఎఫ్‌బీఐ 2016లో రాసుకున్న 16 పేజీల కాగితంలో బయూమీ, థుమైరీ ఇద్దరి సంగతీ ఉంది. అది జనం చేతికి వచ్చింది 2021 సెప్టెంబర్ 11 రాత్రి. అది కూడా ఊరికే రాలేదు, దగ్గర దగ్గర 1,800 మంది బాధితులూ వాళ్ళ ఇండ్లవాళ్ళూ కలిసి బైడెన్‌కు ఉత్తరం రాసినారు, కాగితాలు బయట పెట్టకపోతే మా సంతాప సభలకు నువ్వు రావొద్దు అని. అప్పుడు సెప్టెంబర్ 3న ఆర్డరు వేసినాడు, ఆరు నెలల్లో అన్నీ చూసి బయట పెట్టండి అని.

దమ్మాం అన్నా, కమిషన్ ఆధారం దొరకలేదు అన్నది 2004లో. ఈ కాగితం దాని తర్వాతది. కమిషన్ దగ్గర లేని సరుకు తర్వాత దొరికితే పాత మాటే పట్టుకుని కూర్చుంటామా?

తుంగభద్ర_గట్టు
సంతాప సభకు రావొద్దు అన్నారా!! ప్రెసిడెంటును! ఆ మాట మనోళ్ళు అనగలరా.

మాజీ_జవాన్_పత్తికొండ
నేను కొంచెం ఎదురు చెప్తా. కోపం తెచ్చుకోకండి. మిలిటరీలో చేసినా, కొండల్లో చేసినా. ఒక మనిషి అవతల ఊర్లో ఉండి మనకు సమాచారం ఇస్తాడు. వాని పేరు కాగితంలో ఉండాల్సిన పని లేదు, ఫలానా మీటింగులో ఫలానా మాట అన్నారు అని ఒక్క లైను బయటికొస్తే చాలు. ఆ మీటింగులో ఉన్నది నలుగురే అయితే వాడు దొరికిపోతాడు. వాడే కాదు, వాని కుటుంబం మొత్తం పోతాది. ఇది కథ కాదు. అందుకే ఫైళ్ళు దాస్తారు. దాచే ప్రతివాడూ దొంగ కాదు.

అయితే దాచడం ఎంత ఆయుధమో బయట పెట్టడం కూడా అంతే ఆయుధం. 1999 కార్గిల్ అప్పుడు ముషారఫ్ చైనాలో ఉండి తన జనరల్ అజీజ్‌తో ఫోనులో మాట్లాడింది మనోళ్ళు పట్టుకున్నారు. ఆ టేపు దాచుకోవచ్చు. అదే ఏడాది జూన్ 11న ప్రెస్ ముందు పెట్టేసినారు. వచ్చినోళ్ళు ముజాహిదీన్లు, మా సైన్యం కాదు అని పాకిస్తాన్ చెప్పే మాట అబద్ధమని ప్రపంచం మొత్తానికి తెలిసిపోయింది. ఆ లైను మళ్ళీ మనకు దొరకదు, అది నష్టమే. నష్టమని తెలిసే చేసినారు, లాభం ఎక్కువ కాబట్టి.

అనంత_వకీలు
జవాన్ అన్న మాట నూటికి నూరు కరెక్టు. అందుకే పేర్ల మీద నల్లసిరా పూసి మిగతాది ఇచ్చే పద్ధతి ఉంది. ఆ 28 పేజీల్లో కూడా 2016లో ఇచ్చినప్పుడు అక్కడక్కడ నల్లగీతలు ఉన్నాయి. చాలా కేసుల్లో ఒక లైను దాచితే సరిపోయే దానికి ఫైలు మొత్తం దాచేస్తారు. మన సమాచార హక్కు చట్టంలో, అదే ఆర్టీఐలో, సెక్షన్ 10 దీని కోసమే పెట్టినారు, ఇవ్వకూడని ముక్క తీసేసి ఇవ్వగలిగింది ఇవ్వాలని. దాన్ని వాడే ఆఫీసరు నాకు అరుదుగా కనబడినాడు.

రికార్డురూం_రెడ్డి
ముప్పై ఏండ్లకు పైగా ప్రభుత్వ రికార్డుల్లో పనిచేసి రిటైర్ అయినా. మీరు దాచడం గురించే మాట్లాడుతున్నారు, పోవడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఫైలు ముగిసినప్పుడు దాని మీద ఒక గుర్తు వేస్తాం. ఆర్.డిస్ అంటే ఎప్పటికీ ఉంచాల. డి.డిస్ అంటే పదేండ్లు. ఎల్.డిస్ వేస్తే తొందరగా చించేయొచ్చు. ఆ రెండక్షరాలు వేసేది మంత్రి కాదు, కలెక్టరు కాదు, ఒక సీటు గుమాస్తా ప్రపోజ్ చేస్తాడు, పైనాయన సంతకం పెడతాడు. ఒక ముఖ్యమైన ఫైలు మీద తెలీక ఎల్.డిస్ పడితే దాన్ని ఏ కోర్టూ బయటికి తీయలేదు, ఎందుకంటే లేదు కాబట్టి.

2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగినప్పుడు చూసినా. నీళ్ళు తగ్గినాక రికార్డు రూము తలుపు తీస్తే లోపలికి తోసుకోలేకపోయినాం, బస్తాలు నాని ఉబ్బి తలుపుకు అడ్డం పడినాయి. ఫైళ్ళు కట్టిన ఎర్రగుడ్డ రంగు కాగితాలకు దిగి పేజీలన్నీ గులాబీ రంగు. ఒక్కో కాగితం ఊడదీసి మేడమీద తాడు కట్టి బట్టల్లాగ ఆరేసినాం. సిరాతో రాసినవి పోయినాయి, టైపు కొట్టినవి నిలిచినాయి. కాబట్టి పిల్లలూ, ఫైలు దాచినారా అని అడిగే ముందు ఫైలు ఉందా అని అడగండి. దాని నంబరు అడగండి, ఏ గుర్తు వేసినారు అని అడగండి.

పెన్నా_పిల్ల
రెడ్డిగారూ ఈ పోస్టు సేవ్ చేసుకున్నా.

ఏడురోడ్ల_బాబు
ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు కేసులో అదే జరిగింది కదా పెద్దాయనా. 1985లో 329 మంది పోయినారు. కెనడా నిఘా సంస్థ వాళ్ళు అనుమానితుని ఫోన్లు రికార్డు చేసి, ఆ టేపులు తర్వాత వాళ్ళే చెరిపేసినారు. ఎంక్వైరీ రిపోర్ట్ వచ్చింది 2010లో. పాతికేండ్లు! దొంగతనమా, అజ్ఞానమా అనేది కొట్టుకుంటూనే ఉన్నారు, టేపులైతే లేవు.

పెన్నా_పిల్ల
నా విషయం కూడా రాస్తా. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో గోకుల్ చాట్, లుంబినీ పార్క్ దగ్గర బాంబులు పేలినాయి. మా చిన్నాన్న కొడుకు అప్పుడు కోఠిలో రూము తీసుకుని కోచింగ్‌కు పోయేవాడు. ప్రొద్దుటూరు నుంచి మా చిన్నాన్న రాత్రికి రాత్రే బయల్దేరి పోయినాడు. అన్న బతికినాడు. భుజంలోంచి తీసిన ఇనపముక్క ఆస్పత్రి వాళ్ళు కేసుకు కావాలని ఒక చిన్న డబ్బాలో వేసి సీలు వేసినారు, ఇంకో చిన్న ముక్క లోపలే ఉండిపోయింది, చలికాలం వస్తే ఇప్పటికీ ఎడంచెయ్యి పైకి లేవదు.

2018లో కోర్టు ఇద్దరికి ఉరిశిక్ష వేసింది, వాళ్ళకు తలదాచుకోడానికి చోటిచ్చినోడికి యావజ్జీవం. బాగుంది. కానీ అసలు పెద్దతలకాయలు దేశం దాటిపోయినారు కదా, వాళ్ళకు అక్కడ ఇల్లు ఎవరిచ్చినారు, పాస్‌పోర్ట్ ఎవరిచ్చినారు, డబ్బు ఎట్లా వచ్చింది? మా చిన్నాన్న పేపర్లో ఆ వార్త వస్తే కత్తిరించి డైరీలో పెట్టుకునేవాడు. ఒక్క కాగితం ప్రభుత్వం నుంచి మా ఇంటికి రాలేదు. జవాన్ అన్నా, సమాచారం ఇచ్చినోని పేరు మాకు వద్దు. మా మీద బాంబు పెట్టించిన దేశం ఏం చేసింది అనేది మాకు చెప్తే ఎవని ప్రాణం పోతాది?

మాజీ_జవాన్_పత్తికొండ
పోదమ్మా. నీ ప్రశ్న న్యాయమైంది. నేను కాదనట్లేదు.

గుత్తి_కోట
మన సీమలో పాత కేసుల్లో కూడా పోలీసులు బాంబు వేసినోని కంటే ముందు జీపు ఎవనిది, ఆ రాత్రి అన్నం ఎవరింట్లో తిన్నారు అని అడుగుతారు. చేసినోడు ఎప్పుడూ దొరుకుతాడు, చేయించినోడే దొరకడు.

ఏడురోడ్ల_బాబు
మళ్ళా సీమ అంటే జీపులూ బాంబులేనా అబ్బా. ఇంకో ఉదాహరణే దొరకలేదా నీకు.

గుత్తి_కోట
సరే వదిలెయ్. విషయం అయితే అదే.

రాయచోటి_టు_దమ్మాం
పెన్నా అక్కా, మీ చిన్నాన్న సంగతి చదివి ఒకటి చెప్పాలనిపించింది. నేను ఇందాక రాసింది ఎవరినీ వెనకేసుకొచ్చేదానికి కాదు. కాగితాలు బయటికొస్తేనే నాలాంటోనికి కూడా మంచిది. దాచినంత కాలం అందరి మీదా అనుమానం ఉంటాది, పేరుతో సహా బయటికొస్తే ఆ పేరున్నోని మీదనే ఉంటాది.

అనంత_వకీలు
దమ్మాం తమ్ముడూ, నేను ఇంతసేపూ చెప్పాలనుకున్నది నువ్వు చెప్పినావు.

అమెరికా కథ ఎక్కడిదాకా వచ్చిందో పూర్తి చేస్తా, గట్టు తమ్మునికి పరీక్షకు కూడా పనికొస్తాది. 2016లో బాధితులు విదేశీ ప్రభుత్వం మీద కేసు వేసుకునే చట్టం తెచ్చినారు, జాస్టా అంటారు. ఒబామా వీటో చేసినాడు. రేపు వేరే దేశాలు మా అమెరికా సైనికుల మీద కేసులు వేస్తాయి అనేది ఆయన వాదన. సెప్టెంబర్ 28న సెనేట్ 97-1తో, కింది సభ 348-77తో ఆ వీటోను కొట్టేసినాయి. ఆయన ఎనిమిదేండ్లలో వీటో ఓడిపోయింది అదొక్కసారే. అక్కడితో ఆగలేదు, 2019లో ట్రంప్ ప్రభుత్వం 'ఇవి రాజ్య రహస్యాలు' అని కోర్టులో మళ్ళీ అడ్డం పెట్టింది. పార్టీ ఏదైనా కుర్చీలో కూర్చున్నోడు దాచినాడు అనేది గమనించండి. 2025 ఆగస్టులో న్యూయార్క్ జడ్జి డేనియల్స్ ఈ కేసు కొట్టేయమన్న సౌదీ పిటిషన్ ఒప్పుకోలేదు, విచారణకు పోవాల్సిందే అన్నాడు. ఆ బయూమీ 1999లో వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం చుట్టూ తిరిగి తీసిన వీడియో ఒకటి ఉంది, 2001లోనే బ్రిటన్ పోలీసులు ఆయన ఇంట్లో పట్టుకున్నారు. టూరిస్టు వీడియో అని ఆయన తరఫువాళ్ళు అంటారు. జనం దాన్ని చూసింది 2024లో. టూరిస్టు వీడియోనో కాదో జనమే చూసి చెప్పుకుంటారు కదా, ఇన్నేండ్లు ఎందుకు దాచాల?

తుంగభద్ర_గట్టు
సార్ మన సంగతి చెప్పండి ఇంక. ఆర్టీఐ వేస్తే వస్తాదా?

అనంత_వకీలు
నేరుగా అడిగితే రాదు. సెక్షన్ 8(1)(ఎ) కింద దేశ భద్రత, విదేశీ సంబంధాలు అని ఒక లైను రాసి పంపిస్తారు. ఐబీ, రా, ఎన్ఐఏ లాంటి నిఘా, దర్యాప్తు సంస్థలైతే సెక్షన్ 24 కింద అసలు చట్టానికే బయట, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన తప్ప. ఇరవై ఏండ్లు దాటితే ఇవ్వాలని సెక్షన్ 8(3) ఉంది, 26/11 కి 2028లో ఇరవై నిండుతాయి. సంతోషపడొద్దు, ఆ భద్రత క్లాజుకు ఈ ఇరవై ఏండ్ల రూలు వర్తించదు.

రికార్డురూం_రెడ్డి
మరి పబ్లిక్ రికార్డ్స్ చట్టం చెప్పలేదేం వకీలుగారూ, 1993ది. అసలు దారి అదే.

అనంత_వకీలు
అక్కడికే వస్తున్నా పెద్దాయనా. దాని కింద 1997 రూల్స్ ఉన్నాయి. రహస్యం అని ముద్ర వేసిన ఫైళ్ళను ప్రతి ఐదేండ్లకోసారి ఒక అధికారి చూసి, ఇంకా రహస్యంగా ఉంచాల్నా వద్దా అని తేల్చాల. అండర్ సెక్రటరీ కంటే తక్కువ కాని అధికారిని దానికోసం పెట్టాల. మనం లోపల ఏముంది అని అడగొద్దు. ఆ ఐదేండ్ల పరిశీలన చేసినారా, ఎప్పుడు చేసినారు, ఎన్ని ఫైళ్ళ ముద్ర తీసేసినారు అని అడగాల. దీనికి భద్రత అని చెప్పడం కష్టం, ఇది వాళ్ళ పని వాళ్ళు చేసినారా అనే ప్రశ్న. నిఘా సంస్థకు కాదు, హోం మంత్రిత్వ శాఖకు వేయాల, ఆ శాఖ సెక్షన్ 24 లో లేదు.

మాజీ_జవాన్_పత్తికొండ
ఇది మంచి ప్రశ్న. ఎవనికీ ప్రమాదం లేదు. నేను కూడా సంతకం పెడతా.

ఏడురోడ్ల_బాబు
2016లో నేతాజీ ఫైళ్ళు వంద ఒకేసారి ఇచ్చినారు కదా, అంటే ఇవ్వాలనుకుంటే ఇస్తారు.

గుత్తి_కోట
అది చనిపోయినోళ్ళ చరిత్ర బాబూ. ఇది బతికున్న దేశంతో గొడవ. 1962 యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్ రిపోర్ట్ ఇంకా ఇచ్చినారా చెప్పు.

ఏడురోడ్ల_బాబు
అది నిజమే.

పెన్నా_పిల్ల
నేను రాసి పెట్టినా, చూడండి సార్.
"కేంద్ర హోం మంత్రిత్వ శాఖకు. 1) 2008 నవంబర్ 26 ముంబై దాడికి, 2007 ఆగస్టు 25 హైదరాబాద్ పేలుళ్ళకు సంబంధించి మీ శాఖ దగ్గర రహస్యం అని ముద్ర ఉన్న ఫైళ్ళు ఎన్ని. 2) పబ్లిక్ రికార్డ్స్ రూల్స్ 1997 ప్రకారం ఆ ఫైళ్ళను ఐదేండ్లకోసారి పరిశీలించిన తేదీలు. 3) ఆ పరిశీలన చేసిన అధికారి పేరు, హోదా. 4) విదేశీ సాయం గురించి ఆ ఫైళ్ళలో ఉన్న వివరాలు."

అనంత_వకీలు
నాలుగోది తీసెయ్ అమ్మా. అది చూస్తే మొత్తం అప్లికేషన్‌కు 8(1)(ఎ) కొట్టేస్తారు. మూడోదాంట్లో పేరు వద్దు, హోదా చాలు. ముంబైదీ హైదరాబాద్‌దీ కలపొద్దు, రెండు వేరే అప్లికేషన్లు వెయ్, రెండుసార్లు పది రూపాయలు పోతే పోనీ. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు నేను రాసిస్తా, ఫీజు వద్దు.

రికార్డురూం_రెడ్డి
ఇంకొకటి చేర్చమ్మా. ముద్ర తీసేసిన ఫైళ్ళను నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపించినారా, పంపించింటే ఆ లిస్టు. నాశనం చేసినవి ఉంటే వాటి లిస్టు కూడా. చించేసినప్పుడు లిస్టు రాసిపెట్టాల, అది రూలు.

పెన్నా_పిల్ల
చేర్చినా. నాలుగోది తీసేసినా, నాకు మనసు ఒప్పలేదు గానీ తీసేసినా. హైదరాబాద్‌ది మా చిన్నాన్న పేరు మీద వేస్తాం, ఆయనే వేస్తానన్నాడు.

తుంగభద్ర_గట్టు
ముంబైది నా పేరు మీద వేస్తా అక్కా. ఈ రాత్రే ఆన్‌లైన్‌లో పెడతా. రిజిస్ట్రేషన్ నంబరు రాగానే ఇక్కడ రాస్తా.

రాయచోటి_టు_దమ్మాం
నా వంతు ఇరవై రూపాయలు. ఫోన్‌పే నంబరు ఇక్కడ పెట్టొద్దు, ప్రైవేటుగా పంపండి.